అమెరికా దక్షిణాది నవలలు: వంటింటి స్నేహాన్ని స్నేహం అనొచ్చా?

పెరటిజామ | శనివారం, రాత్రి 9:12

నాలుగేళ్ళుగా అలబామాలో ఉంటున్నాను. మా ఊరి లైబ్రరీలో నెలకో పుస్తకం చదివి మాట్లాడుకునే గుంపులో ఈమధ్యే చేరాను. పదకొండు మందిమి. తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. పోయిన వారం హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ మీద కూర్చున్నాం.

నా వంతు వచ్చినప్పుడు, నాకు బాగా నచ్చింది కాల్పూర్నియా అని చెప్పాను. చదవనివాళ్ళ కోసం: తల్లి లేని ఇద్దరు తెల్లపిల్లలు జెమ్, స్కౌట్‌లను పెంచే నల్లజాతి వంటమనిషి. "ఇంట్లో మనిషిలాగే చూసుకున్నారు కదా" అని కూడా అనేశాను. మనకి అలవాటైన మాటే, నోటికి వచ్చేసింది.

నా పక్క కుర్చీలో ఎనభైకి దగ్గరపడ్డ ఒక నల్లజాతి ఆవిడ కూర్చుంటారు. ఎక్కువ మాట్లాడరు. కోపమేమీ లేకుండా నా వైపు తిరిగి, "కాల్పూర్నియా పిల్లల పేర్లు చెప్పగలవా?" అని అడిగారు.

జీబో ఒక్కడే గుర్తొచ్చాడు. పెద్దకొడుకు, ఊళ్ళో చెత్త ఎత్తే పని. మిగతావాళ్ళు? ఇంటికొచ్చి పుస్తకమంతా తిరగేశాను, నాకైతే ఇంకో పేరు దొరకలేదు. ఇంకోటి కూడా కనబడింది. కాల్పూర్నియా పిల్లల్ని తన చర్చికి తీసుకెళ్ళిన రోజునగానీ, ఆవిడకి వేరే బతుకు ఒకటుందని స్కౌట్‌కి తట్టదు. "ఎప్పుడైనా మీ ఇంటికి రావొచ్చా" అని అప్పుడే అడుగుతుంది. అది పన్నెండో అధ్యాయం. అన్నాళ్ళూ ఆవిడ వండింది తింటూనే ఉంది.

జీతానికి వండిపెట్టే మనిషికీ తినే మనిషికీ మధ్య ఉన్నదాన్ని స్నేహం అనొచ్చా? ఈ దక్షిణాది చిన్న ఊళ్ళ నవలల్లో ఇద్దరూ సమానంగా నిలబడ్డ స్నేహం మీరెక్కడైనా చదివారా? వచ్చే నెల పుస్తకం నేను చెప్పాలి. కొంచెం టెన్షన్‌గా ఉంది.


లెక్కలమాష్టారు | శనివారం, రాత్రి 10:40

అమ్మాయ్, ఆ పుస్తకాన్ని నేను గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు, అట్ట ఊడిపోయిన కాపీ ఒకటి దొరికితే చదివాను. తర్వాత నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను. జెమ్, స్కౌట్‌ల నాన్న, లాయరు అట్టికస్ జైలు ముందు కుర్చీ వేసుకుని, బల్బు వెలుగులో పేపర్ చదువుకుంటూ కూర్చుంటాడు చూడు, ఆ సీను తలుచుకుంటే ఇప్పటికీ వెన్ను నిటారుగా అవుతుంది. లోపల ఉన్నది టామ్ రాబిన్సన్, తెల్లమ్మాయి మీద అత్యాచారం చేశాడని అబద్ధపు కేసులో ఇరికించిన నల్లవాడు, అట్టికస్ అతని తరఫు లాయరు. అతన్ని చంపడానికి కార్లలో దిగిన గుంపు ఎదురుగా ఉంటే, చిన్నపిల్ల స్కౌట్ వచ్చి అందులో ఒకాయన్ని గుర్తుపట్టి "మీ అబ్బాయి నా క్లాసే" అంటుంది. గుంపు కరిగిపోతుంది.

పుస్తకం వచ్చింది 1960 జులైలో. ఆ రోజుల్లో అలబామాలో నల్లవాళ్ళకి బడి వేరు, మంచినీళ్ళ కుళాయి వేరు. ఆ రాష్ట్రంలోనే పుట్టిన తెల్లామె ఆ కథ రాసింది. మర్నాడే పులిట్జర్ వచ్చింది. (మర్నాడంటే మర్నాడు కాదులెండి, 1961లో.) ఇప్పటి తూనికరాళ్ళతో అప్పటి సరుకు తూస్తే ఏదీ నిలవదు.


వాగుఒడ్డు | ఆదివారం, ఉదయం 7:05

> ఇప్పటి తూనికరాళ్ళతో అప్పటి సరుకు తూస్తే ఏదీ నిలవదు

మాష్టారూ, అప్పటి తూనికరాళ్ళతోనే తూద్దాం. తప్పు చేయకపోయినా టామ్‌ని జ్యూరీ దోషి అంది. జైలు నుంచి పారిపోబోతే కాపలావాళ్ళు కాల్చారు, ఒంట్లో పదిహేడు గుండ్లు దిగాయి. ఆ కబురు వచ్చేసరికి అట్టికస్ ఇంట్లో ఆడవాళ్ళ టీ పార్టీ నడుస్తోంది. అట్టికస్ కాల్పూర్నియాని వెంటబెట్టుకుని టామ్ భార్య హెలెన్‌కి చెప్పడానికి వెళ్తాడు. కథ మాత్రం వాళ్ళతో వెళ్ళదు, డ్రాయింగ్ రూములోనే ఉండిపోతుంది. స్కౌట్ బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని అతిథుల మధ్య తిరుగుతుంది. హెలెన్ ఎలా కుప్పకూలిందో తర్వాతెప్పుడో డిల్ అనే పిల్లాడు చూసొచ్చి చెబితే మనకి తెలుస్తుంది. చచ్చిపోయినవాడి గుమ్మం దాకా నవల మనల్ని తీసుకెళ్ళలేదు.

ఇంకోటి. చివర్లో, టామ్ మీద కేసు పెట్టిన అమ్మాయి తండ్రి బాబ్ యూవెల్, అట్టికస్ పిల్లల మీద దాడి చేయబోయి చస్తాడు. చంపింది పక్కింటి తెల్లవాడు బూ రాడ్లీ అని షెరీఫ్‌కి (ఊరి పోలీసు అధికారికి) తెలుసు, అయినా "తన కత్తి మీద తానే పడ్డాడు" అని తేల్చేస్తాడు. బయటికి రాని బిడియస్తుణ్ణి ఊరి నోళ్ళలోకి లాగడం పాపమని. బాగుంది, నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ ఒక తెల్లవాడి కోసం చట్టాన్ని మడిచి జేబులో పెట్టుకోగలిగిన ఊరు అది. టామ్ విషయానికొచ్చేసరికి చట్టం ఇనుపరాడ్డయిపోయింది.


చింతచిగురు | ఆదివారం, ఉదయం 11:30

తెల్లవాళ్ళ ఇళ్ళలో నల్లజాతి పనిమనుషుల కథ కదా ‘ది హెల్ప్’, ఆ సినిమా చూసి నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఇప్పుడు ఏడ్చినందుకు క్షమాపణ చెప్పుకోవాలా? 🙈


వాగుఒడ్డు | ఆదివారం, ఉదయం 11:52

అక్కర్లేదమ్మా. అందులో ప్రధాన పాత్ర వేసిన వయోలా డేవిసే 2018లో ఆ సినిమా చేసినందుకు బాధపడుతున్నానంది. చివరికి వినపడాల్సింది ఆ పనిమనుషుల గొంతులు, అవి వినపడలేదు అని ఆవిడ మాట సారాంశం. అయినా అది జాక్సన్ కథ. జాక్సన్ మిసిసిపీ రాజధాని, ఈ చర్చ చిన్న ఊళ్ళది.


రైలుకట్ట | ఆదివారం, మధ్యాహ్నం 3:18

గూడ్స్ గార్డుని. (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు. జీతం అదే.) కాబట్టి రైలు వైపు నుంచి వస్తాను.

టామ్ రాబిన్సన్ కథ అనగానే చాలామంది తలుచుకునేది స్కాట్స్‌బరో కేసు. 1931 మార్చిలో అలబామాలో పెయింట్ రాక్ అనే చిన్న స్టేషన్లో ఒక గూడ్సు బండిని ఆపి తొమ్మిది మంది నల్లకుర్రాళ్ళని దించారు. అందరికంటే చిన్నవాడికి పదమూడేళ్ళు. బండిలో ఉన్న ఇద్దరు తెల్లమ్మాయిల మీద అత్యాచారం చేశారని కేసు. జ్యూరీలో అందరూ తెల్లవాళ్ళే. రోజుల్లో విచారణ ముగించి ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. 1933లో ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకామె కోర్టులోనే నిలబడి అసలేమీ జరగలేదని చెప్పింది. అయినా జ్యూరీ మళ్ళీ దోషి అనే అంది.

జామ గారు పోస్టులో రాయలేదు గానీ, ఈ నవలలన్నిటిలో రహస్యం ఒకటుంటుంది. నాకు అర్థమైనంతలో ఆ రహస్యం ఊరందరికీ తెలిసిందే. నోరు విప్పేవాడే ఉండడు. గూడ్సు బండి బ్రేక్‌వాన్‌లో కూర్చుని రాత్రిళ్ళు చిన్న స్టేషన్లు దాటుతుంటే నాకు అదే అనిపిస్తుంది. ప్రతి ఊరికీ ఒక లైటు వెలుగుతూ ఉంటుంది, ఆ లైటు కింద ఎవరో ఒకరికి అంతా తెలుసు.

ఇక ‘ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్ ఎట్ ది విజిల్ స్టాప్ కెఫే’ ఎవరైనా చదివారా? ఫానీ ఫ్లాగ్, 1987. అలబామా, రైలు పట్టాల పక్కన హోటల్. రచయిత్రి బంధువు ఒకావిడ ఐరన్‌డేల్‌లో నిజంగానే పట్టాల పక్కన అలాంటి హోటల్ నడిపింది. నవల్లో హోటల్ నడిపే ఇద్దరు స్నేహితురాళ్ళు నల్లవాళ్ళకి కూడా వడ్డిస్తారు, అయితే దొడ్డిగుమ్మం దగ్గర. నల్లవాళ్ళ మీద దాడులు చేసే కు క్లక్స్ క్లాన్ వాళ్ళు ముసుగులేసుకుని వస్తారని భయం. ఒకరోజు మాయమైన దుర్మార్గుడైన మొగుడొకడి కోసం పోలీసులు వస్తారు. అతన్ని చంపింది


నిర్వాహకుడు | ఆదివారం, మధ్యాహ్నం 3:31

రైలుకట్ట గారూ, మిగతా మూడు లైన్లు తీసేశాను. ముగింపు చెప్పాలంటే మసక బటన్ వాడండి. మాకింగ్‌బర్డ్‌కి అరవయ్యేళ్ళు దాటాయి కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.


రైలుకట్ట | ఆదివారం, మధ్యాహ్నం 3:40

సారీ సార్, ఊపులో వెళ్ళిపోయాను. పేర్లు లేకుండా చెబుతాను. ఆ హోటల్ అంతటికీ పెద్ద రహస్యాన్ని కడుపులో దాచుకున్నది వంటింట్లో పనిచేసే నల్లవాళ్ళు. బయటపడితే ముందు ఉరికంబం ఎక్కేదీ వాళ్ళే. ముందు గదిలో వాళ్ళది స్నేహం, కబుర్లు. నవల చదువుతున్నంతసేపూ నవ్వుకున్నాను, మూసేశాక ఈ లెక్క తట్టింది.


సగంచదివిన | ఆదివారం, రాత్రి 8:02

కార్సన్ మెకల్లర్స్ ‘ది మెంబర్ ఆఫ్ ది వెడ్డింగ్’ (1946) గురించి ఎవరూ అనలేదేం? జార్జియాలో ఒక ఊరు, ఎండాకాలం, ఒకే వంటిల్లు. పన్నెండేళ్ళ ఫ్రాంకీ, ఆరేళ్ళ పిల్లాడు, వంటమనిషి బెరనీస్. బెరనీస్‌కి ఒక కన్ను గాజుది, అదీ నీలం రంగు. ముగ్గురూ పేకాడుకుంటూ, అన్నం తింటూ మాట్లాడుకుంటూనే ఉంటారు. మనమందరం ఎవరి బతుకులో వాళ్ళం ఇరుక్కుపోయాం, నేను మాత్రం నల్లదాన్నవడం వల్ల ఇంకాస్త ఎక్కువ ఇరుక్కుపోయాను అని బెరనీస్ అంటుంది. చివరికి ఫ్రాంకీకి కొత్త స్నేహితురాలు దొరుకుతుంది, ఇల్లు మారిపోతుంటారు, బెరనీస్ వంటింట్లో ఒంటరిగా కూర్చుని ఉంటుంది. ఆ పిల్ల గమనించదు. రచయిత్రి గమనించింది. నా ఓటు దీనికి. (పేరుకి తగ్గట్టు కాదు, ఇది పూర్తిగా చదివాను.)


పెరటిజామ | ఆదివారం, రాత్రి 9:25

అందరికీ థాంక్స్. మాష్టారూ, మీకు కోపం రాకపోతే ఒకటి. అదే రచయిత్రి ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ 2015లో వచ్చింది కదా, రాయడం మాత్రం మాకింగ్‌బర్డ్ కంటే ముందు. అందులో స్కౌట్ ఇరవయ్యారేళ్ళ మనిషి. కాల్పూర్నియా ముసలిదై తన ఇంట్లో ఉంటుంది. ఆవిడ మనవడి కారు కిందపడి ఒక తెల్లవాడు చనిపోతాడు. స్కౌట్ పలకరించడానికి వెళ్తుంది, చిన్నప్పుడు అడిగిన ఆ ఇంటికి. కాల్పూర్నియా కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడుతుంది. అంతే, అంతకుమించి లేదు. తట్టుకోలేక స్కౌట్ "మమ్మల్ని అసహ్యించుకున్నావా?" అని అడిగేస్తుంది. కాల్పూర్నియా చాలాసేపు ఏమీ అనదు. చివరికి లేదన్నట్టు తల ఊపుతుంది.

ఆ తల ఊపడం నిజమో మర్యాదో నాకు తెలియలేదు.

మొన్న వేసవిలో మన్రోవిల్ వెళ్ళాను, హార్పర్ లీ సొంతూరు. పాత కోర్టుహౌస్ ఇప్పుడు మ్యూజియం. కోర్టు హాలు పైన బాల్కనీ ఉంది, నవల్లో నల్లవాళ్ళు కూర్చునే చోటు. పైనుంచి చూస్తే కింద మాట్లాడేవాళ్ళ నడినెత్తి కనబడుతుంది, మొహాలు సరిగ్గా కనబడవు. లీ పెరిగిన ఇల్లు లేదు, అక్కడ ఐస్‌క్రీమ్ అమ్ముతున్నారు. నేనూ ఒకటి తిన్నాను.


వాగుఒడ్డు | ఆదివారం, రాత్రి 10:48

జామ గారూ, మీ గుంపుకి నేను చెప్పేది ‘రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై’. మిల్డ్రెడ్ టేలర్, 1976. పిల్లల పుస్తకమని చులకన చేయకండి. రచయిత్రి నల్లజాతి మనిషి, మిసిసిపీలో పుట్టింది. కథ 1933లో జరుగుతుంది. లోగన్ కుటుంబానికి సొంత భూమి ఉంది, కథంతా ఆ భూమి మీదే నిలబడింది. ఒకరి వంటింట్లో చేసే ఖర్మ వాళ్ళకి లేదు కాబట్టే వాళ్ళు తలెత్తి మాట్లాడగలరు.

మొదటి అధ్యాయంలోనే బడిలో పాఠ్యపుస్తకాలు పంచుతారు. కౌంటీ వాళ్ళు దయతో ఇచ్చారని టీచరమ్మ మురిసిపోతుంది. లోగన్ల చిన్నకొడుకు, ఆరేళ్ళ లిటిల్ మ్యాన్‌కి శుభ్రత పిచ్చి, మురికిపట్టిన పుస్తకం వద్దంటాడు. తిట్టి కూర్చోబెడతారు. అట్ట తెరుస్తాడు. లోపల గడులు గీసి ఉంటాయి: ఏ సంవత్సరం ఇచ్చారు, పుస్తకం పరిస్థితి ఎలా ఉంది, తీసుకున్న విద్యార్థి ఏ జాతి. పదకొండు వరసల్లో తెల్లపిల్లలు. కొత్తగా ఉన్న పుస్తకం ఏడాదికేడాది నలిగి, పన్నెండో వరసకి ‘చాలా అధ్వానం’ అయ్యాక, పక్కన వీళ్ళ జాతి పేరు, అదీ తిట్టులాంటి మాటలో. వాడు ఆ పుస్తకాన్ని నేలకేసి కొట్టి కాళ్ళతో తొక్కుతాడు. ఆ సాయంత్రం అదే బడిలో టీచరైన వాళ్ళమ్మ ఏమీ అనకుండా ఆ గడుల సైజుకి కాగితాలు కత్తిరించి, బంక రాసి, ఒక్కో పుస్తకంలో అంటించుకుంటూ పోతుంది. తర్వాత ఆవిడ ఉద్యోగం పోయినప్పుడు ఈ కాగితాలు కూడా లెక్కలోకి వస్తాయి.

స్నేహం సంగతి అడిగారు కదా. జెరెమీ అని ఒక తెల్లపిల్లాడు. తన వాళ్ళు కొట్టినా వినకుండా రోజూ వీళ్ళతో కూడలి దాకా నడిచొస్తాడు. క్రిస్మస్‌కి లోగన్ల పెద్దకొడుకు స్టేసీ కోసం తన చేత్తో చెక్కిన పిల్లనగ్రోవి తెస్తాడు. స్టేసీ నాన్న కొడుకుని కూర్చోబెట్టి చెబుతాడు: ఇప్పుడు మీ ఇద్దరికీ బాగానే ఉంటుంది, కొన్నేళ్ళకి వాడు తనని మగవాడిననుకుంటాడు, నువ్వు మాత్రం వాడికి ఇంకా కుర్రాడివే. స్టేసీ ఆ పిల్లనగ్రోవిని కాగితంలో చుట్టి తన పెట్టెలో దాచేస్తాడు. వాడు మళ్ళీ దాన్ని ముట్టుకోవడం కథ చెప్పే చెల్లెలు చూడలేదు.

పారెయ్యలేదు. వాయించనూలేదు. మీ ప్రశ్నకి ఇంతకంటే నిజాయితీగా జవాబు చెప్పిన పుస్తకం నేను చదవలేదు.


చింతచిగురు | సోమవారం, ఉదయం 8:15

బస్సులో చదువుతూ ఏడుస్తున్నాను. పక్కావిడ వాటర్ బాటిల్ ఇచ్చింది. 😭 వాగు అన్నా, ఇది తెలుగులో ఉందా?


రైలుకట్ట | సోమవారం, ఉదయం 9:00

ఇది చూసిన గుర్తు లేదు. కానీ మనకి ‘ఏడు తరాలు’ ఉంది కదా! అలెక్స్ హేలీ ‘రూట్స్’ని సహవాసి గారు తెలుగు చేసింది. మా ఇంట్లో మా నాన్న కాపీ ఉంది, అందులో కథానాయకుడు కుంటా కింటే మా ఇంట్లో మనిషి. (ఆ మాట నాకూ వచ్చేసింది, జామ గారూ. 😅) హేలీ చిన్నతనం గడిచింది టెనెసీలో హెన్నింగ్ అనే చిన్న ఊళ్ళో. అమ్మమ్మ, ఆవిడ అక్కచెల్లెళ్ళు సాయంత్రాలు వరండాలో కూర్చుని తాతముత్తాతల కబుర్లు చెప్పుకుంటుంటే విన్నాడు. మన అరుగు మీద కూర్చున్నట్టే. ఊరివాళ్ళు పైకి అనని సంగతులు ఆ వరండాల మీదే బతికాయి.

1959లో మార్టిన్ లూథర్ కింగ్ కేరళ వచ్చినప్పుడు ఒక బడి ప్రిన్సిపాల్ ఆయన్ని పిల్లలకి "అమెరికా నుంచి వచ్చిన మన తోటి అంటరానివాడు" అని పరిచయం చేశాడట. కింగే 1965లో అట్లాంటాలో తన చర్చిలో చెప్పాడు. మొదట మనసు చివుక్కుమందట, తర్వాత ఆలోచిస్తే నిజమే అనిపించిందట.


లెక్కలమాష్టారు | సోమవారం, రాత్రి 11:34

నిన్నటి నుంచి ఈ చర్చ తిరిగి తిరిగి చదువుతున్నాను. అట్టికస్ మీద నా మాట నేను వెనక్కి తీసుకోను. కానీ ఒక సంగతి చెప్పాలి.

తెనాలి దగ్గర మా ఊళ్ళో మా ఇంటికి పాచిపనికి ఒకావిడ వచ్చేది. పెరటి దడి పక్క నుంచి రావడం, అటునుంచే పోవడం. మా అక్కకి పెళ్ళికి ముందు ఒక అబ్బాయి ఉత్తరాలు రాసేవాడు. ఆ ఉత్తరాలు తెచ్చి ఇచ్చింది ఈవిడే, అంట్లగిన్నెల తట్టలో గిన్నెల అడుగున పెట్టి. అక్కకి ఆవిడంటే ప్రాణం. ఒకరోజు మా నాన్నగారికి దొరికిపోయింది. అక్కకి రెండు చీవాట్లు పడ్డాయి, ఆర్నెల్లకి వేరే సంబంధం చేశారు. ఆవిణ్ణి ఆ పూటే పనిలోంచి తీసేశారు. ఊళ్ళో ఇంకెవరూ పనికి పిలవలేదు, ఎందుకు తీసేశారో మేం ఎవరికీ చెప్పకపోయినా. మూడో నెలలో ఆ కుటుంబం ఊరు వదిలి వెళ్ళిపోయింది.

జామ అమ్మాయిని ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న నన్ను నేనే వేసుకున్నాను. ఆవిడ కొడుకు పేరు నాకు తెలుసు. ఎందుకంటే మేమంతా ‘ఫలానావాడి అమ్మ’ అనే పిలిచేవాళ్ళం. ఆవిడ పేరే తెలియదు. పొద్దున అక్కకి ఫోన్ చేశాను, డెబ్బై ఆరేళ్ళు. చాలాసేపు ఆలోచించి, "పేరు పెట్టి ఎప్పుడు పిలిచాం రా" అంది.


వాగుఒడ్డు | మంగళవారం, ఉదయం 6:20

మాష్టారూ, రాసినందుకు మంచిది. మిమ్మల్ని ఓదార్చను, ఏమీ అనుకోకండి. మా నానమ్మ అటువైపు దడి దాటి వచ్చిన మనిషే.

రైలుకట్ట గారికి ఒక్క మాట. కులాన్నీ రంగునీ ఒకే గాటన కట్టేస్తే రెండూ అర్థం కావు. అక్కడ మొహం చూస్తే తెలిసిపోతుంది, ఇక్కడ ఇంటిపేరు, ఊరు, వాడ అడిగి మరీ తెలుసుకుంటారు. అక్కడి వంటమనిషిని వంటింట్లోకి రానిచ్చారు, ఆవిడ చేతి బిస్కెట్లు తిన్నారు. మా నానమ్మని వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఆవిడ తోమిన గిన్నెల మీద మళ్ళీ నీళ్ళు చల్లుకుని లోపల పెట్టుకునేవాళ్ళు.


సగంచదివిన | మంగళవారం, ఉదయం 10:10

మా ఇంట్లోనూ చల్లేవాళ్ళు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు.


పెరటిజామ | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:30

అప్‌డేట్. నిన్న మా గుంపులో ‘రోల్ ఆఫ్ థండర్’ అయింది. వాగు గారూ, మీకు రుణపడ్డాను. ఇద్దరు తెల్లావిడలు చిన్నప్పుడు బడిలో చదివామన్నారు. బస్సు బురద చిమ్మడం గుర్తుంది, పిల్లలు గొయ్యి తవ్వి ఆ బస్సుని కూలేయడం గుర్తుంది, పాఠ్యపుస్తకం గడుల సంగతి మాత్రం ఇద్దరికీ గుర్తు లేదు. నా పక్కావిడ ఏమీ అనలేదు, ఆ పేజీ తీసి వాళ్ళ వైపు జరిపారు. వాళ్ళు అక్కడే కూర్చుని చదివారు.

ఆవిడ వాళ్ళమ్మ ముప్పయ్యేళ్ళు ఒకే ఇంట్లో వంట చేశారట. అందరం కుర్చీలు సర్దుతుంటే చెప్పారు. వాళ్ళమ్మ గారి పేరేంటని అడిగాను. చెప్పారు. ఇక్కడ రాయను, అది ఆవిడది.

లైబ్రరీ కాపీ వెనక ఇంకా పాతకాలం స్లిప్ ఉంది, తిరిగివ్వాల్సిన తేదీల ముద్రలు, వంకరటింకరగా. తేదీ ఒక్కటే, ఇంకే గడీ లేదు. దాన్నే చూస్తూ కాసేపు కూర్చున్నాను.


చింతచిగురు | ఆదివారం, రాత్రి 8:44

పీడీఎఫ్ ఉంటే ఎవరైనా... 🥺


నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 8:46

లేదు.


లెక్కలమాష్టారు | ఆదివారం, రాత్రి 9:15

నేను తెప్పిస్తున్నాను, గురువారానికి వస్తుందట. చదివాక నీకు పోస్టులో పంపిస్తాను చిగురూ, అడ్రస్ ఇక్కడ పెట్టకు, ప్రైవేట్ మెసేజ్ చెయ్యి. అక్క కూడా అడిగింది, కాబట్టి ముందు తన దగ్గరికి వెళ్ళి వస్తుంది. కాస్త ఆలస్యం అవుతుంది.